గిజిగాని గురువెవరు?

వానాకాలమున కరీంనగరం నుండి జగిత్యాల పోవు దారిలో, వ్యవసాయపు బావులపైకి వంగిన ఈతచెట్లను, తాటిచెట్లను మనమందరమూ చూచినవారమే. వాటి మట్టలకు వ్రేలాడు గిజిగాని గూళ్ళను చూచి “దీనికి ఈ పని నేర్పినదెవరు?” అని ఆశ్చర్యపడినవారమే. ఉర్దూలో ఈ పక్షిని బయా అందురు.

“పుట్టుకతో వచ్చిన విద్య” అను సమాధానముతో మేమును చాలాకాలము తృప్తిపడినాము. అది సగమే నిజము.

గూడు అల్లునది మగపక్షి. వరియాకు లేక తాటియాకు అంచును ముక్కున కొరికిపట్టి ఎగిరినచో సన్నని పోగు చీలివచ్చును. ఒక్కొక్కటి 20 నుండి 60 సెంటీమీటర్ల పొడవుండును. ఒక్క గూటికై సుమారు 500 మార్లు తిరుగును. ఎనిమిది దినములకు గూడు అడుగు తెరచియున్న శిరస్త్రాణమువలె తయారగును. అప్పుడు ఆడపక్షి వచ్చి పరీక్షించును. నచ్చినచో మగపక్షి గొట్టమువంటి ద్వారమును అల్లి ముగించును. నచ్చనిచో పని అంతటితో ఆగును. అట్లు మిగిలిన సగము గూళ్ళను మగపక్షి ఊగు ఊయలలని పెద్దలు చెప్పుదురు. నిజమునకవి పరీక్ష తప్పిన కాగితములు!

ఈ పక్షి గూటి అలవాట్లపై 1931లో వ్యాసము ప్రకటించిన సలీం అలీగారే మన హైదరాబాదు సంస్థానపు పక్షులను కూడ సర్వే చేసిరి. ఇక నేర్పు మాటకు వత్తుము. కోలియాస్ దంపతులు ఆఫ్రికా ఖండపు గిజిగాని జాతిలో కొన్ని మగపిల్లలను గడ్డిపోచ అందకుండ పెంచి, పిదప గడ్డి నిచ్చిరి. 1964లో వారు ప్రకటించిన ఫలితమిది: అల్లవలెనను కోరిక వాటికి కలదు, కాని పోగు చీల్చుటయే సరిగా రాలేదు. అభ్యాసముతోనే పనితనము మెరుగుపడెను. బోట్స్వానాలో ఇట్టి పక్షులను చిత్రీకరించి 2011లో ప్రకటించిన పరిశీలనలో, గూళ్ళు అల్లినకొలది జారవిడుచు గడ్డిపోచలు తగ్గినవని తేలినది. ఒకే పక్షి అల్లిన గూళ్ళును ఒకే తీరున లేవు.

కోరిక పుట్టుకది, చేయితిరుగుట అభ్యాసముది. చేయి అనుట తప్పేమో, ఉన్నది ముక్కే కదా!

చోటు ఎన్నుకొనుటలోను ఈ పక్షి గడుసుదే. నైరృతి గాలివాన తగులని తూర్పు వైపు మట్టలనే ఎక్కువగా కోరును. పాము సులభముగా చేరలేని కొన, క్రింద నీరు దానికి ఇష్టము. పాతబావులు పూడి, తాళ్ళు, ఈతలు పోయిన చోట్ల కరెంటు తీగలకును గూళ్ళు వ్రేలాడుట కలదు. తీగను గూర్చి ఏ పుట్టుకయు దానికి చెప్పియుండదు.