పాత ఫొటోలో వాగు దారి



మిరపకు తడి కావాలి గాని, మొదట్లో నీరు నిలిస్తే గిట్టదు. నల్లరేగడిలో నీరు నిలబడితే వేళ్లకు గాలి ఆడదు, మొక్క వడలిపోతుంది. పత్తికీ అదే ముప్పు. మురుగు కాలవ తీద్దామంటే నీరు ఎటు పోయేదో తెలియాలి. వాగు పూడి, చేలు చదునయిన చోట ఆ దారి కంటికి ఆనదు. పాత ఫొటోలో ఆనవచ్చు.

1960 నుంచి 1972 దాకా అమెరికావారు కరోనా అనే ఉపగ్రహాలతో భూమిని రహస్యంగా ఫొటోలు తీశారు. 1995లో వాటిని బయటపెట్టారు. నాగార్జునసాగర్ కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంతకు ముందటి ఫొటో దొరికిందంటే, సాగరు నీరు రాకముందు మన వాగులు ఎలా పారేవో చూడవచ్చు.

వెదకడం ఎలా అంటారా? మొదట ఊరి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా పాత లెక్కలో గుంటూరు ప్రాంతపు పటం 65 డి, ఒంగోలు ప్రాంతానిది 66 ఎ. టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని పెర్రీ కాస్టనేడా గ్రంథాలయం మన దేశపు పాత పటాలను ఇంటర్నెట్టులో ఉచితంగా ఉంచింది. ఊళ్లు, పెద్ద వాగులు గుర్తించడానికి అవి చాలు. తర్వాత అమెరికా భూగర్భ సర్వే వారి ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ స్థలానికి కరోనా ఫొటోలు అడగండి. ఇదివరకే కంప్యూటరుకెక్కించినవి ఉచితం, మిగతావాటికి రుసుము. మన దేశపు పాత విమాన ఫొటోలు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియాకు రాయాలి. నిబంధనల మేరకే ఇస్తారు.

కరోనా ఫిలిం పొడవాటి బద్దలా ఉంటుంది. రైలు కట్ట, పెద్ద చెరువు ఆనవాలు పట్టి ఊరికి చేరుకోండి. వంకర టింకరగా పోయే నల్లని చార చాలావరకు వాగు. తెల్లని సన్నగీత డొంక. ఫొటో తీసిన నెల తప్పక చూడండి. వానల తర్వాత తడినేల కూడా నల్లగానే పడుతుంది.

ఒక్క మాట. ఫొటో హద్దు చెప్పదు. హద్దుకు ఎఫ్.ఎం.బి., గ్రామ పటమే ఆధారం. ఫొటో చేతబట్టుకుని పక్క రైతుతో తగవు పెట్టుకోవద్దు. విస్తరణ సిబ్బందీ, సర్వేయరూ, ఊరి పెద్దలూ కలిసి ఆ గీత వెంట నడిచి, నేల వాలు కొలిచి నిర్ణయించాలి. వాగు ఒక్కరి చేలో ఆగదు కదా! అందుకే మురుగు కాలవ కూడా పై చేను రైతూ, కింది చేను రైతూ కలిసి, వానలకు ముందే తీయాలి.