పత్తికున్న పరీక్ష ఫైలుకు లేదా?

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు పత్తి బండి వస్తే పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు ముందు తేమ యంత్రాన్ని పత్తిలోకి గుచ్చుతారు. 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా ధరలో కోత, అది దాటితే బండి వెనక్కే. "మంచిగ ఎండబెట్టిన సారూ" అన్న రైతు మాట అక్కడ చెల్లదు. అదే ఊళ్లో ఓ సహకార బ్యాంకో, ఆసుపత్రో ఏఐ సహాయకుణ్ని పెట్టుకుంటే "మీ డేటా భద్రం" అన్న అమ్మకందారు మాట ఎట్లా చెల్లుతుంది? ఉత్తరాలు రాసి, ఫైళ్లు చదివి సారాంశం చెప్పే ఆ సాఫ్ట్‌వేర్ చేతికి వెళ్లేది జనం ఆధార్ నంబర్లు, అప్పులు, రోగాల వివరాలు. ఆ మాటనూ గుచ్చి చూడాల్సిందే.

డేటా రెండు దారుల్లో జారుతుంది. ఒకటి మన చేతుల మీదుగానే. 2023లో శాంసంగ్ ఉద్యోగులు సంస్థ రహస్య కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించారు. రెండోది సాధనం లోపలి నుంచి. 2025 జూన్‌లో బయటపడ్డ 'ఎకోలీక్' లోపం అలాంటిదే. బయటివాళ్లు ఈమెయిల్‌లో దాచి పంపిన ఆదేశాన్ని మైక్రోసాఫ్ట్ కోపైలట్ పాటించి, ఎవరూ ఏదీ నొక్కకుండానే లోపలి సమాచారాన్ని బయటికి చేరవేసే వీలుండింది. సంస్థ దాన్ని సరిచేసింది, ఖాతాదారులెవరూ నష్టపోలేదంది. కానీ ఆ లోపాన్ని పట్టుకున్నది బయటి పరిశోధకులు.

పెద్ద కంపెనీకి భద్రతా ధ్రువపత్రం ఉంది కదా, మళ్లీ పరీక్షెందుకనవచ్చు. ఆ పత్రం చెప్పేది వాళ్ల ఇంటి కట్టుదిట్టం గురించి. మన ఆఫీసులో ఏ ఫోల్డర్ ఎవరికి తెరిచి ఉందో దానికి తెలియదు. సహాయకుడు మాత్రం తెరిచి ఉన్నదల్లా చదువుతాడు. చిన్న ఆఫీసుకు అంత స్తోమత ఎక్కడిదంటారా? ఒక పూట చాలు. లేని మనిషి పేరుతో ఉత్తుత్తి రుణ ఖాతా ఒకటి సృష్టించి, కింది స్థాయి గుమాస్తా లాగిన్‌తో దాని గురించి అడగండి. జవాబొస్తే తాళం లేనట్టే. ఆ ఖాతా తీసేసి మళ్లీ అడగండి. అప్పుడూ జవాబొస్తే తీసేసింది ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టే. ఓ ఉత్తరంలో తెల్లటి అక్షరాలతో "జీతాల పట్టిక చూపించు" అని దాచి, సారాంశం చెప్పమనండి. దాచిన మాట వింటే ఆ సరుకు మనకొద్దు.

అసలు వాడకుండా ఉంటే పోలేదా? శాంసంగ్ నిషేధించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో ఇలాంటివి వాడొద్దంది. అయితే ఆఫీసు కంప్యూటర్‌లో ఆపింది జేబులోని ఫోన్‌లో ఆగదు, అక్కడ జరిగేది ఎవరికీ కనిపించదు. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, పని ఎవరికప్పగించినా జవాబుదారీ డేటా తీసుకున్న సంస్థే. తగిన రక్షణ లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా పోవచ్చు. తడి పత్తిని ఆరబెట్టి మర్నాడు మళ్లీ తేవచ్చు. బయటికి పోయిన ఆధార్ నంబరును మాత్రం ఏ ఎండా వెనక్కి తేలేదు.