స్వీయకథనమున దౌర్బల్య ప్రకటనము – విశ్వసనీయత

శాస్త్రవ్యాసమునకు శాసనములు, తాళపత్రములు మున్నగునవి ఆధారములు. ఆత్మాశ్రయ రచనకు రచయితయే ఆధారము. అట్టి రచనలో తన లోపమును తాను చెప్పుకొనుట పాఠకుని నమ్మించుటకు ఎట్లు తోడ్పడునో గోదావరీ మండలముల రచయితలు ఇరువురి స్వీయచరిత్రలను బట్టి పరిశీలింతము.

న్యాయదర్శనము ఆప్తవాక్యమును ప్రమాణముగా అంగీకరించినది. విషయమును సాక్షాత్తుగా నెఱిగి, ఎఱిగినది ఎఱిగినట్లు తెలుప గోరువాడే ఆప్తుడని వాత్స్యాయన భాష్యాశయము. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమనియు ఆయన చెప్పెను. కావున ఆప్తత్వమునకు జన్మము కారణము కాదు. ఎఱుక, నిజము చెప్పు కోరిక – ఈ రెండే కారణములు. మొదటిదానిని పాఠకుడు కొంతవఱకు పరీక్షింపగలడు. రెండవది రచయిత తనకు నష్టము కలిగించు సత్యమును పలికినపుడే గోచరించును.

చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు (1867–1946) యౌవనము నుండియు రేచీకటితో బాధపడి, పిదప చూపును పూర్తిగా కోల్పోయిరి. వారి స్వీయచరిత్ర వార్ధకమున చెప్పి వ్రాయించినది. మేము చాలకాలము ఆ అంధత్వమును కరుణకు హేతువుగా మాత్రమే బోధించితిమి. “చూపులేని వారి సాక్ష్యమును ఎట్లు నమ్మవలెను?” అని ఒక విద్యార్థి ప్రశ్నించినపుడు గాని మా పొరపాటు మాకు తెలియలేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరమున ఆంగ్లమున ఉపన్యసింపగా వానిని సభకు తెనిగించినవారు చిలకమర్తివారే. అచ్చట వారి సాక్ష్యము కంటిది కాదు, చెవిది. తన లోపమును దాచని రచయిత, తన మాటను ఎచ్చట ఎంత నమ్మవచ్చునో కొలుచుకొను సాధనమును మనకిచ్చుచున్నాడు.

పొలమూరున జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1891–1961) ‘అనుభవాలూ–జ్ఞాపకాలూనూ’ మఱియొక తీరును చూపును. సంస్కృతాధ్యయనమే పరమార్థముగా నెంచు వైదిక కుటుంబమున తెలుగు కవిత్వముపై మక్కువ ఒక అపరాధము. ఆ ఇంటి నిరసనను, తాను పడిన సంకోచమును వారు దాచలేదు. తెలుగునకు గౌరవము కావలెనని వాదించు వ్యక్తి, ఆ అగౌరవమును తన ఇంటనే అనుభవించినవాడని తెలిసినపుడు వాదము సాక్ష్యమగును.

అయితే ప్రతి దైన్యోక్తియు ప్రమాణము కాదు. అవతారికలలో “అల్పజ్ఞుడను” అను వినయము సంప్రదాయము. దానివలన కవికి నష్టమేమియు లేదు. పాఠకుని జాలిని కోరు దైన్యము అంతకన్న ప్రమాదకరము. అది విచారణను ఆపివేయును.

కనుక స్వీయచరిత్రలపై పరిశోధించువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ ఒప్పుకోలువలన రచయిత ఏమి కోల్పోయెను? అది ప్రస్తుత విషయమునకు సంబంధించినదా? దానిని తొలగించినచో సాక్ష్యము బలహీనపడునా? మూడింటికిని సరియైన సమాధానము దొరకినచో ఆ దౌర్బల్యమే ఆ రచనకు బలము. దొరకనిచో మనము జాలిపడవచ్చును గాని, నమ్మవలసిన పనిలేదు.