కాగితం మీది బొమ్మ తెర మీదికి రావాలంటే

వర్డ్ ప్రాసెసర్‌లో తయారు చేసిన పత్రాన్ని ముద్రించి చూస్తే అందులోని బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. అవే బొమ్మలను తీసి వెబ్ పేజీలో పెట్టగానే చిక్కులు మొదలవుతాయి. ఒక బొమ్మ మసకబారుతుంది. ఇంకొకటి తెరుచుకోవడానికే అర నిమిషం తీసుకుంటుంది. మరొకటి అసలు కనిపించనే కనిపించదు. ఎందుకిలా? పత్రం కాగితాన్ని దృష్టిలో పెట్టుకుని అంగుళాల్లో లెక్కవేస్తుంది. వెబ్ పేజీ తెరను దృష్టిలో పెట్టుకుని చుక్కల్లో లెక్కవేస్తుంది. ఈ తేడా పట్టుబడితే మిగిలిన పని సులువవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరం మరమగ్గాలకు పెట్టింది పేరు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలసవెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వీధిలోనే వినిపిస్తుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంటూ వచ్చింది.

మీరు అలాంటి కుటుంబంలోని విద్యార్థి అనుకోండి. నేతపని మీద ఒక ప్రాజెక్టు పత్రం తయారు చేశారు. అందులో నాలుగు బొమ్మలున్నాయి. ఒకటి మరమగ్గం ఫొటో. రెండోది చీర అంచు నమూనా గీసిన గళ్ల కాగితం స్కాన్. మూడోది పడుగు, పేక ఎలా అల్లుకుంటాయో చూపే గీతల బొమ్మ. నాలుగోది అలంకారంగా రాసిన తెలుగు శీర్షిక. వీటిని వెబ్ పేజీలో పెట్టాలి. నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు. ఎందుకో చూద్దాం.

పోగులూ చుక్కలూ

తెర మీది బొమ్మ ఏమిటో నేతగాడికి వేరే చెప్పనక్కరలేదు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక పడుగు పోగు, ఒక పేక పోగు కలిసే చోటు. ఆ గడి దగ్గర పడుగు పైకి లేవాలా, కిందే ఉండాలా అన్నది నమూనా చెబుతుంది. ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804లో రూపొందించిన మగ్గం ఈ ఆజ్ఞలను అట్టముక్కల మీద రంధ్రాలుగా చదివేది. 1839లో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. అందుకు దాదాపు 24,000 అట్టలు పట్టాయి. కంప్యూటర్ బొమ్మ కూడా ఇలాంటి గళ్ల పటమే. ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. మనం చుక్క అందాం.

400 గళ్ల వెడల్పున్న నమూనాను అంగుళానికి 80 పోగుల చొప్పున నేస్తే 5 అంగుళాల పువ్వు వస్తుంది. 40 పోగుల చొప్పున నేస్తే అదే పువ్వు 10 అంగుళాలవుతుంది. గళ్లు మాత్రం 400లే. కంప్యూటర్లో డీపీఐ అనే మాటకు అర్థం ఇదే: అంగుళానికి ఎన్ని చుక్కలు? 1800 చుక్కల వెడల్పున్న బొమ్మను 300 డీపీఐతో ముద్రిస్తే కాగితం మీద 6 అంగుళాలు వస్తుంది. వెబ్ పేజీకి ఈ అంగుళాల గొడవ లేదు. అది 1800 చుక్కలనే చూస్తుంది. కాబట్టి వెబ్ కోసం బొమ్మ చేసేటప్పుడు డీపీఐ అంకెను మార్చి ప్రయోజనం లేదు. మార్చవలసింది చుక్కల సంఖ్యను.

పత్రంలోంచి బయటికి తీయడం

పత్రంలో బొమ్మను మౌస్‌తో లాగి చిన్నది చేశారనుకోండి. అది చిన్నగా కనబడుతుంది, అంతే. చాలావరకు అసలు చుక్కలన్నీ లోపలే ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు ఫైలును భద్రపరిచేటప్పుడు మీకు చెప్పకుండానే బొమ్మలను కుదిస్తాయి కూడా. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2010 నుంచి మామూలుగా 220 డీపీఐకి కుదించే ఏర్పాటు ఉంది. అందువల్ల మొదటి నియమం: కెమెరా లేదా స్కానర్ ఇచ్చిన అసలు ఫైలు దొరికితే దానితోనే మొదలుపెట్టండి. పత్రంలోని ప్రతిని ఆశ్రయించడం రెండో దారి.

అసలు ఫైలు పోయిందా? అప్పుడు ఒక చిట్కా ఉంది. 2007 నుంచి వర్డ్ వాడుతున్న డాక్ఎక్స్ ఫైలు నిజానికి ఒక మూట. పత్రానికి ముందుగా ఒక నకలు తీసుకోండి. నకలు పేరు చివర ఉన్న డాక్ఎక్స్ అనే తోకను జిప్ అని మార్చండి. ఆ తోక కనబడకపోతే, ఫైలు తోకలను చూపించమని విండోస్‌కు చెప్పాలి. మూట విప్పితే వర్డ్ అనే ఫోల్డరు, దానిలో మీడియా అనే ఫోల్డరు కనిపిస్తాయి. మీ ఫొటో, స్కాన్ అక్కడ ఉంటాయి. లిబ్రెఆఫీస్ వాడే ఓడీటీ ఫైలు కూడా ఇలాంటి మూటే. అందులో బొమ్మలు పిక్చర్స్ అనే ఫోల్డరులో ఉంటాయి. పాత డాక్ ఫైలుకు ఈ చిట్కా పనిచేయదు. దాన్ని ముందు డాక్ఎక్స్‌గా భద్రపరచాలి.

మీ గీతల బొమ్మ మాత్రం అక్కడ కనబడకపోవచ్చు. వర్డ్‌లోనే గీసిన బాణాలు, పెట్టెలు చుక్కలుగా కాక 'ఇక్కడి నుంచి అక్కడికి గీత గీయి' అనే ఆదేశాలుగా దాచి ఉంటాయి. వాటిని బొమ్మగా ఎగుమతి చేయాలి. ఆ బొమ్మ మీద కుడి మీట నొక్కి 'బొమ్మగా భద్రపరచు' అనే అవకాశం ఉందేమో చూడండి.

ఏ బొమ్మకు ఏ రూపం

ముందు ఫొటో సంగతి. నేటి ఫోన్ తీసే ఫొటో వెడల్పు 4000, ఎత్తు 3000 చుక్కలు అనుకుంటే మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. పేజీకి 800 వెడల్పు, 600 ఎత్తు చాలు అనుకుంటే 4 లక్షల 80 వేల చుక్కలు. అంటే 25వ వంతు! 4 మెగాబైట్ల ఫొటో సెకనుకు 1 మెగాబిట్ వేగంతో రావడానికి 32 సెకన్లు పడుతుంది. చిన్నది చేసి 100 కిలోబైట్లకు తెస్తే సెకను లోపే వస్తుంది. నేత కార్మికుడి ఫోన్‌లో మిగిలి ఉన్న డేటా మీద ఆ 4 మెగాబైట్ల భారం ఎందుకు మోపాలి?

ఫొటోకు తగిన రూపం జేపెగ్. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి బొమ్మను 8 చుక్కల చదరాలుగా విడదీస్తుంది. మన కన్ను అంతగా గమనించని సన్నని వివరాలను వదిలేస్తుంది. ఆకాశం, గోడ, గుడ్డ మడతలు వంటి మెల్లగా మారే రంగులకు ఇది బాగా నప్పుతుంది. నాణ్యత అంకెను 75 నుంచి 85 మధ్య పెడితే సాధారణంగా తేడా తెలియదు. ఒక జాగ్రత్త: జేపెగ్‌ను తెరిచి మార్చి మళ్లీ భద్రపరిచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. అసలును ముట్టుకోకుండా నకలు మీదే పనిచేయండి.

గళ్ల కాగితానికి జేపెగ్ పనికిరాదు. సన్నని గీత పక్కన తెల్లని ఖాళీ ఉన్నచోట అది మురికిలాంటి మరకలు పుట్టిస్తుంది. ఇక్కడ ఒక్క వివరమూ పోగొట్టని రూపం కావాలి. 1987లో కంప్యుసర్వ్ సంస్థ తెచ్చిన జిఫ్ అలాంటిదే, కానీ దానికి ఒక బొమ్మలో 256 రంగులే పరిమితి. దాని కుదింపు పద్ధతి మీద యూనిసిస్ సంస్థకు పేటెంటు ఉందని 1994 చివర్లో గొడవ లేచింది. ఆ గొడవలోంచి పుట్టిందే పీఎన్‌జీ. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1996లో దాన్ని ఆమోదించింది. కొద్ది రంగులే ఉన్న గళ్ల నమూనా పీఎన్‌జీలో చిన్న ఫైలుగానూ, స్పష్టంగానూ ఉంటుంది.

గీతల బొమ్మకు ఇంకా మంచి దారి ఉంది. 2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ చుక్కలను కాక గీతల ఆదేశాలనే దాస్తుంది. ఎంత పెద్దది చేసినా అంచులు మెట్లు మెట్లుగా విరగవు. వర్డ్‌లోంచి వచ్చే ఈఎమ్‌ఎఫ్, డబ్ల్యూఎమ్‌ఎఫ్ రూపాలు కూడా గీతలనే దాస్తాయి గాని బ్రౌజర్లు వాటిని చూపించవు. 'బొమ్మ కనిపించనే కనిపించదు' అన్న చిక్కుకు తరచు ఇదే కారణం. వాటిని ఎస్‌వీజీగానో పీఎన్‌జీగానో మార్చాలి.

అక్షరాలను బొమ్మ చేయకండి

ఇక తెలుగు శీర్షిక. ఒకప్పుడు తెలుగు డీటీపీ ఖతులు ఒక్కొక్కటీ ఒక్కో సొంత సంకేతాన్ని వాడేవి. చదివేవారి కంప్యూటర్లో ఆ ఖతి లేకపోతే ఇంగ్లీషు అక్షరాల చిందరవందర కనబడేది. అందుకే తెలుగు పేరాలను జిఫ్ బొమ్మలుగా చేసి వెబ్ పేజీల్లో పెట్టేవారు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చింది. నేటి ఫోన్లలో తెలుగు అక్షరాలు మామూలు విషయం. అయినా బొమ్మల అలవాటు పోలేదు.

తెలుగుకు ఈ అలవాటు మరీ చేటు. ద, ధ అక్షరాలకు తేడా అడుగున ఉండే ఒక చిన్న గీత. ప, ఫ అక్షరాలకూ అంతే. బొమ్మను కుదిస్తే మొదట పోయేది ఆ గీతే. బొమ్మలోని మాట వెతుకులాటలో దొరకదు, నకలు తీయడానికి రాదు, ఫోన్ తెరకు తగ్గట్టు వరుస మడుచుకోదు. చూపులేని పాఠకుడికి చదివి వినిపించే ప్రోగ్రాముకు అది మాటగా అందదు. కాబట్టి శీర్షికను యూనికోడ్ తెలుగులో టైపు చేయండి. అలంకారం ఖతితో, రంగుతో చేయవచ్చు. పత్రం అను వంటి పాత ఖతిలో ఉంటే మార్పిడి ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు సరిగా వచ్చాయో లేదో అక్షరం అక్షరం సరిచూడండి.

కత్తిరించినా పోనివి

మగ్గం ఫొటోలో ఓ మూల గోడకు అంటించిన కూలి లెక్కల చీటీ ఉందనుకోండి. దాని మీద పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. మీరు వర్డ్‌లో ఆ మూలను కత్తిరించారు, లేదా దాని మీద నల్లపెట్టె పెట్టారు. తెర మీద చీటీ మాయమైంది. కానీ మూట విప్పి మీడియా ఫోల్డరులో చూడండి. చీటీతో సహా పూర్తి ఫొటో అక్కడే ఉండవచ్చు! వర్డ్‌లో కత్తిరింపు అంటే తెర వేయడం లాంటిది. 'కత్తిరించిన భాగాలను తొలగించు' అని విడిగా చెబితే తప్ప అసలు పోదు. నల్లపెట్టె కూడా వేరే వస్తువే, ఫొటోలో భాగం కాదు. అందుకే బయటికి తీసిన ఫొటోను బొమ్మలు దిద్దే ప్రోగ్రాములో మళ్లీ కత్తిరించి, కొత్త ఫైలుగా భద్రపరచండి.

ఫోన్ ఫొటోలో తీసిన తేదీతో పాటు తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా దాగి ఉండవచ్చు. ఇంట్లో మగ్గమైతే అది ఇంటి చిరునామా చెప్పినట్టే. ఆ సమాచారాన్ని తొలగించాకే ఫొటోను వెబ్‌లో పెట్టండి. ఫొటోలో మనుషులుంటే వారి అనుమతి అడగడం ఎలాగూ మన బాధ్యతే.

పేజీలో పెట్టేటప్పుడు

ఫోన్ తెరల మీద చుక్కలు దట్టంగా ఉంటాయి. కనుక బొమ్మ పేజీలో 400 చుక్కల వెడల్పున కనిపించాలంటే 800 చుక్కల ఫైలు ఇవ్వడం మంచిది. అంతకు మించితే దండగ. చిన్న బొమ్మను పెద్దది చేయబోకండి. లేని పోగులను ఏ ప్రోగ్రామూ నిజంగా నేయలేదు, ఊహించి పూరిస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో బొమ్మ వెడల్పు, ఎత్తు రాస్తే బ్రౌజర్ ముందే చోటు కేటాయిస్తుంది. చదువుతుండగా వాక్యాలు కిందికి జారిపోవు.

చివరగా ప్రతి బొమ్మకూ ఆల్ట్ అనే చోట ఒక వాక్యం రాయండి. బొమ్మ రాకపోతే ఆ వాక్యం కనబడుతుంది. చూపులేని వారికి అదే వినబడుతుంది. 1999లో వచ్చిన మొదటి వెబ్ అందుబాటు మార్గదర్శకాల్లో మొట్టమొదటి సూత్రం ఇదే. 'బొమ్మ 1' అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. 'మరమగ్గం మీద సగం నేసిన నీలం చీర, ఎడమ వైపు పేక నూలు కండెలు' అని రాస్తే వినేవారి మనసులో మగ్గం నిలబడుతుంది.

ఒక ప్రయోగం చేసి చూడండి. మీ దగ్గరున్న ఏదైనా ప్రాజెక్టు పత్రానికి నకలు తీసి మూట విప్పండి. ప్రతి బొమ్మ పక్కన మూడు అంకెలు రాసుకోండి: వెడల్పు, ఎత్తు, కిలోబైట్లు. తరువాత పైన చెప్పిన రూపాల్లోకి మార్చి మళ్లీ రాయండి. రెండు వరుసలనూ కూడి పోల్చండి. మీ పేజీ చదివే వారికి మీరు ఎంత సమయం, ఎంత డేటా మిగిల్చారో ఆ తేడాయే చెబుతుంది.