గోడకు రంధ్రము వేయుటకు ముందు

హనుమాన్ జంక్షనునుండి నూజివీడు పోవు దారిలో, మామిడితోటల నడుమ నున్న ఊళ్లలో, పలు తరముల కట్టడములు ప్రక్కప్రక్కనే కానవచ్చును. మట్టిగోడల పెంకుటిండ్లు, సున్నముతో కట్టిన ఇటుక మిద్దెలు, కాయలు పెట్టెలకెత్తు రేకుల షెడ్లు అన్నియు నచ్చట కలవు. నేడు వీనికి ఏసీ యంత్రమో, నీటిని శుద్ధిచేయు పరికరమో, ఇంటర్నెట్టు తీగయో అమర్చుచున్నారు. ప్రతిదానికిని గోడలో రంధ్రము కావలెను. కరెంటు డ్రిల్లుతో ఆ పని రెండు నిమిషములలో ముగియును. ఆ రెండు నిమిషములలో రేగు దుమ్ములో ఏమున్నదో ముందుగా తెలిసికొనుట యెట్లో శ్రోతలకు మనవి చేయదలచితిని.

ఒక్క సూత్రమును మొదట గుర్తుంచుకొనవలెను. చెక్కుచెదరక గోడలో అణగియున్నంతవరకు ఈ పదార్థములవలన భయము స్వల్పము. పొడియై గాలిలోనికి లేచినప్పుడే అపాయము.

మొదటిది రాతినార. ఇది పేరునకు తగినట్లు నారవలె చీలు రాయి. మన కడప సీమలో పులివెందుల ప్రాంతమున దీని గనులు నడచినవి. నిప్పునకు కాలదు, నీటికి చివుకదు. అందుచేత దీనిని సిమెంటుతో కలిపి రేకులు, గొట్టములు చేసిరి. హైదరాబాదులో 1940ల దశాబ్దమున నెలకొన్న పరిశ్రమనుండి ఈ రేకులు పల్లెపల్లెకును చేరినవి. దీని సన్నని పోగులు కంటికి ఆనవు. ఊపిరితో లోనికి పోయినచో ఊపిరితిత్తులలో నాటుకొని కరగక నిలుచును. 20, 30, 40 ఏండ్లు గడచిన పిదప క్యాన్సరుగనో, ఊపిరితిత్తులు బిరుసెక్కు వ్యాధిగనో బయటపడును. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమలోని పనివారి ఆరోగ్యపు లెక్కలను, వారు పనిలో చేరిన నాటినుండి 40 ఏండ్లకు తక్కువ కాకుండ భద్రపరుపవలెనని ఆజ్ఞాపించినది. వ్యాధి ఎంత ఆలస్యముగా తలయెత్తునో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

ఇంటికప్పుమీది అలల రేకును అందరును గుర్తింతురు. చదునైన బూడిదరంగు పలక అడ్డుగోడగనో, స్నానపు గది దడిగనో ఉండి, దానిపై రంగు పూసియున్నప్పుడే మోసపోవుదుము. వ్రేలితో తట్టినచో అది ఇటుకగోడవలె గట్టిగా పలుకదు. మేకు దిగిన చోట, ఇదివరకే విరిగిన అంచున, తెల్లని నూలువంటి పోగులు కనబడినచో అనుమానింపవలెను. చూచుటకై మాత్రము విరువరాదు. పోగులు కనబడనంతమాత్రమున రాతినార లేదనియు తలపరాదు. నిశ్చయముగా చెప్పగలది ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినియే.

రెండవది సీసము. పూర్వము సఫేదాను, సిందూరమును అవిసెనూనెలో కలిపి కొయ్యకును ఇనుమునకును పూసెడివారు. ఆ రెండును సీసముతో చేసినవే. తరువాత డబ్బాలలో వచ్చిన ఎనామిలు రంగులలోను, ముఖ్యముగా పసుపు, ఎరుపు వన్నెలలో, సీసము కలిపెడివారు. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను కేంద్ర ప్రభుత్వ నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. కావున అంతకు పూర్వము పూసిన నూనెరంగు ద్వారబంధముమీద నున్నను, వంటింటి గోడకు నడుమెత్తువరకు నున్నను, అందు సీసమున్నట్లే ఎంచుట మేలు. సున్నపు వెల్లకు ఈ భయము లేదు. అయినను వెల్లక్రింద పాత నూనెరంగు పొర దాగియుండవచ్చును. ప్రాకులాడు బిడ్డ నేలమీది చేతినే నోట పెట్టుకొనును. సీసము పసిపిల్లల మెదడును చెరచును. ఇంతవరకు తిన్నను కీడు లేదని చెప్పదగిన మోతాదు వైద్యులెరుగరు.

మూడవది సిలికా. ఇది ఇసుకలోని ధాతువు. ఇటుకలో, సిమెంటులో, రాతిలో ఉండుటచేత దాదాపు ప్రతి గోడలోను ఉన్నట్లే. దీని మెత్తని ధూళియు ఊపిరితిత్తులను గట్టిపరచును. ఇంటియజమానికి ఏడాదికొక రంధ్రము. డ్రిల్లు పట్టిన కుర్రవానికి దినమునకు పది. అపాయపు భారమంతయు అతనిమీదనే పడుచున్నది.

కావున పనికి ముందు ఇంటి పెద్దలను, గోడ కట్టిన తాపీమేస్త్రీని అడిగి తెలిసికొనవలెను. ఇల్లు ఎప్పుడు కట్టిరి? గోడ ఇటుకయా, పలకయా? రంగు ఏనాటిది? రాతినార యని అనుమానము కలిగినచో డ్రిల్లు దింపకుండుటయే ఉత్తమము. ఆ వస్తువును ప్రక్కనున్న కొయ్య నిట్టాడికో ఇటుకగోడకో తగిలింపవచ్చును. తక్కిన గోడల విషయమున పిల్లలను దూరముగా పంపి, తిండిగింజలకును నీళ్లబిందెలకును మూతలు పెట్టి, నేలపై ప్లాస్టిక్కు పట్టా పరువవలెను. కరెంటు డ్రిల్లునకు నీరు తగులరాదు గనుక, దుమ్ముపీల్చు యంత్రపు గొట్టమును రంధ్రము చెంత పట్టుట మేలు. పనివాడు ఎన్-95 మాస్కు ధరింపవలెను. ముఖమునకు చుట్టిన తువాలు ఈ సన్నని ధూళిని ఆపదు. పని ముగిసిన పిదప చీపురు పట్టక తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారవేయవలెను. విరిగిన రేకు ముక్కలను దారి గుంటలలో పోసి త్రొక్కించుట తగదు.

మాస్కు ఖరీదు స్వల్పము. పనివాడు తేనిచో ఇంటివారే ఒకటి తెప్పించి, అతడు దానిని ధరించిన తరువాతనే గోడ చూపింపుడు.