చేతిగాజు పక్కన అడుగుల లెక్క

రోజుకు మీరెన్ని అడుగులు వేస్తారో మీకు తెలుసా? “ఎవరు లెక్కపెట్టారండీ!” అంటారు. లెక్కపెట్టడానికే ఒక వస్తువు వచ్చింది. గడియారం కట్టుకునే చోట కట్టుకునే రబ్బరు పట్టీ. ఫిట్‌నెస్ బ్యాండ్ అంటున్నారు దాన్ని. సముద్రాల అవతల తయారైన ఆ సరుకును మన జిల్లాల్లో అమ్మిపెట్టే పని కొన్నేళ్లపాటు నా నెత్తిన పడింది. ఏ కంపెనీ అని మాత్రం అడక్కండి. ఉప్పు తిన్న ఇల్లు. కాని ఆ బేరంలో నేను చూసిన వింతలు నాలుగు చెబితే, కొనబోయేవారికి పనికివస్తాయి.

ముందు పదివేల సంగతి. రోజుకు 10,000 అడుగులు నడవాలని ఈవేళ చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఈ అంకెకు ఇంత ప్రచారం తెచ్చింది ఏ వైద్యగ్రంథమో అనుకుంటారు. కాదు, ఒక వస్తువు పేరు! 1964లో టోక్యోలో ఒలింపిక్ పందాలు జరిగాయి. ఆ వేడి చల్లారకముందే, 1965లో యమాసా అనే జపాను కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి బజారులోకి తెచ్చింది. దాని పేరు “మాన్‌పో కెయ్”. మాన్ అంటే పదివేలు, పో అంటే అడుగు, కెయ్ అంటే కొలిచేది. ఆ పేరు సముద్రాలు దాటి అమెరికా చేరింది. 2007లో పుట్టిన ఫిట్‌బిట్ వంటి కంపెనీలు అదే అంకెను తమ పరికరాల్లో గమ్యంగా పెట్టుకున్నాయి. అలా ఆసియాలో పుట్టిన అంకె అమెరికా చుట్టి మళ్లీ ఆసియాకే అమ్మకానికొచ్చింది.

మరి నిజం ఎంత? 2019లో అమెరికాలో 16,741 మంది వృద్ధ స్త్రీల నడకను కొలిచి ఒక పరిశోధన ప్రకటించారు. వారి సగటు వయస్సు 72. రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్న 4,400 వేసేవారిలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కనుక పదివేలు పూర్తికాలేదని రాత్రి పదిగంటలకు వరండాలో గిరగిరా తిరిగే పెద్దలు నిశ్చింతగా పడుకోవచ్చు!

ఇక మన దేశంలో బేరం సంగతి. మొదట వచ్చిన విదేశీ పట్టీలు వేలల్లో పలికేవి. 2015లో చైనాకు చెందిన షామీ కంపెనీ తన మీ బ్యాండును మన దగ్గర 999 రూపాయలకు పెట్టింది. దానికి అంకెలు చూపే తెరైనా లేదు, మూడు చిన్న దీపాలు తప్ప. అయినా గిరాకీ వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో మన శ్రీసిటీలో ఆ కంపెనీ ఫోన్ల తయారీ మొదలైంది. దానికి ఒక ఏడాది ముందు, 2014లో విశాల్ గోందల్ గారు ప్రారంభించిన గోకీ అనే మన దేశపు సంస్థ మరో దారి తొక్కింది. పట్టీ ఒక్కటే అమ్మితే అది నెలకే బల్లసొరుగులోకి పోతుందని గ్రహించి, పట్టీతోపాటు మంచిచెడ్డలు చెప్పే మనిషిని కూడా జతచేసింది. మన జనానికి అంకెకన్న అడిగే మనిషి ముఖ్యం. “ఏం బాబూ, ఇవాళ నడిచావా?” అని అడిగేవారుంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి.

నా అనుభవానికి వస్తాను. గుంటూరులో ఒక దుకాణంలో రిటైరయిన మాస్టారొకరు పట్టీ కొన్నారు. వారం తిరక్కుండా వెనక్కి తెచ్చారు. ఏమిటి లోపమంటే, గంటసేపు కూర్చుంటే ఫోనులో “కదులు! నువ్వు చాలాసేపు కూర్చున్నావు” అని తెలుగులో వస్తోందట. “నా శిష్యులు కలెక్టర్లయినా నన్ను మీరు అంటారయ్యా. ఈ రబ్బరుముక్క నన్ను నువ్వంటుందా?” అన్నారు. నవ్వాను గాని, ఆలోచిస్తే ఆయన మాటే న్యాయం. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. తెలుగులో పలకరింపు తేడావస్తే సరుకే తిరిగివస్తుంది. పైవారికి రాసి ఆ మాటలన్నీ “నడవండి, కాస్త లేవండి” అని మార్పించడానికి నాలుగు నెలలు పట్టింది.

తిండి పట్టికదీ అదే కథ. అందులో పిజ్జా వుంది, పెసరట్టు లేదు. మధ్యాహ్నం ఏం తిన్నారో రాయమంటే గోంగూరపచ్చడి కోసం వెదకి వెదకి ఒక ఇల్లాలు “సలాడ్” అని రాసుకుందట!

ఇల్లాళ్ల ఫిర్యాదు ఒకటి ఇంకా గట్టిది. “పొద్దుటినుంచి ఇంట్లో తిరుగుతూనే వున్నాను. ఇది 900 అంటుంది. కొబ్బరి తురుముతుంటే మాత్రం అడుగులు పెరుగుతున్నాయి!” అని. కారణం వుంది. పట్టీ కాళ్లను చూడదు. లోపలి చిన్న పరికరం చేతి కదలికను కనిపెట్టి, ఆ లయను అడుగులుగా లెక్కిస్తుంది. చంకన బిడ్డనెత్తుకుని, నిండుబిందె పట్టుకుని నడిస్తే చెయ్యి వూగదు. ఆ అడుగులు కొన్ని లెక్కకు రావు. కూర్చునే చెయ్యి ఆడిస్తే లేని అడుగులు పుట్టుకొస్తాయి. గుండె వేగమైతే, పట్టీ అడుగునుంచి పచ్చని వెలుతురు చర్మం మీద పడుతుంది. నెత్తురు ఆ వెలుతురును పీల్చుకుంటుంది. నాడి కొట్టినప్పుడల్లా తిరిగివచ్చే వెలుతురు మారుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి కదిలినా లెక్క తప్పవచ్చు. గాజులు ఎడంగా జరిపి, మణికట్టు ఎముకకు కాస్త పైగా బిగువుగా కట్టుకోవాలని నేను ప్రతి ఇల్లాలికీ చెప్పేవాణ్ణి. చెమట పట్టే దేశం మనది. రోజుకొకసారి విప్పి తుడుచుకోవాలి కూడా.

ఇంతవరకు నవ్వులాట. ఇక నవ్వరాని సంగతి. 2023లో ప్రకటించిన ఒక పెద్ద సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం వున్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. అమ్మేవాడికి ఇంతకన్న పెద్ద బజారు ఎక్కడ? ఒకరోజు పైవారినుంచి కొత్త పెట్టె నమూనా వచ్చింది. “సూది లేకుండా షుగరు చూసుకోండి” అని దానిమీద పెద్ద అక్షరాలు. తెలుగులో ఇంకా ఆకర్షణగా రాయమని నాకు ఆజ్ఞ.

నేను రాయనన్నాను. ఆ అంకె నమ్మి ఎవరో ఒక పెద్దాయన ఇన్సులిన్ ఎక్కువ తీసుకుంటే? ఎవరో తల్లి మాత్ర మానేస్తే? పోటీ కంపెనీలు రాస్తున్నాయిగా అన్నారు. రెండు వారాలు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. చివరకు ఆ వాక్యం పెట్టెమీదికి రాలేదు. నా చేతిలోని జిల్లాలు మాత్రం మరొకరికి వెళ్లాయి. నష్టమేననుకోండి, నిద్రకు మాత్రం లోటు రాలేదు. ఆ మరుసటి ఏడు, 2024 ఫిబ్రవరిలో, అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థే ప్రజలను హెచ్చరించింది: చర్మానికి సూది తగలకుండా తమంతట తామే షుగరు కొలుస్తామనే గడియారాలు, ఉంగరాలు నమ్మి వాడవద్దని, అటువంటిదాన్ని వేటినీ తాము అంగీకరించలేదని. చర్మం కింద సన్నని తీగ వుంచి కొలిచే పరికరాలు వేరు. వాటిని డాక్టరు చెబితేనే వాడాలి.

అయితే ఈ పట్టీ కొనవచ్చునా అంటారా? నిక్షేపంగా కొనండి. నిన్నటికన్న ఈవేళ ఎక్కువ నడిచారా, తక్కువా అని చెప్పడానికి అది మంచి నేస్తం. రెండువేలు నడిచేవారు నాలుగువేలకు వస్తే అదే పండుగ. నెత్తురు సంగతి, మందు సంగతి మాత్రం డాక్టరుగారికి వదలండి. పెట్టెమీద ఎంత పెద్ద అక్షరాలు వున్నా సరే, కొనేముందు దుకాణదారుణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: “ఇది ఏం కొలవలేదో చెప్పు బాబూ!” జవాబు చెప్పగలిగినవాడి దగ్గరే కొనండి.