గుండెను మలచు జన్యువులు
ప్రతి కణమునందును జన్యుసంపుటి ఒక్కటే యైనను, ఏ జన్యువు పలుకవలెనో ఏది మౌనము దాల్చవలెనో నిర్ణయించు నియామక ప్రోటీనులే ఒక కణమును గుండెకండరముగను వేరొకదానిని చర్మముగను తీర్చుచున్నవనుట తలచినకొలది విస్మయము గొలుపును. పండ్లఈగలో అట్టి ప్రోటీనును చేయు జన్యువొకటి లోపించినచో గుండెయే పుట్టదు. కావున శాస్త్రజ్ఞులు హృదయము లేని కథాపాత్రను స్మరించి దానికి 'టిన్‌మాన్' అని పేరిడిరి. దాని మానవజ్ఞాతి ఎన్‌కెఎక్స్2-5; అందు దోషమున్న కుటుంబములలో కర్ణికల నడిమిగోడకు పుట్టుకతోనే రంధ్రముండుట 1998లో వెల్లడియైనది.

గుండెపోటున నశించిన కండరమునకు బదులు మనకు మచ్చయే మిగులును. జీబ్రాచేప యన్ననో, జఠరికలో ఐదవవంతు కోసివేసినను రెండు నెలలలో పూరించుకొనును. ఒకదినపు చిట్టెలుక పిల్లకును ఈ శక్తి కలదు, కాని వారము తిరుగుసరికి అంతరించును. ఆ వారమున మూగవోవు జన్యువులను మరల పలికించు మార్గమునే పరిశోధకులు నేడు వెదకుచున్నారు.